తీగ కట్టిన దారి

నాన్న పెద్దకర్మ నోవై అనే ఊళ్ళోని మా ఇంటి గరాజ్‌లో చేశాం. బయట మంచు కరిగి బురదైపోయింది. లోపల రెండు హీటర్లు పెట్టినా సిమెంటు నేలలోంచి చలి పాదాల్లోకి ఎక్కుతూనే ఉంది. పురోహితుడు ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన కుర్రవాడు, మా సంగతులేవీ తెలియవు. మంత్రం చెప్పి అన్నయ్య వైపు చూసేవాడు, అన్నయ్య దాన్ని తిరిగి చెప్పేవాడు. "కొంచెం గట్టిగా అనండి సార్, స్పష్టంగా పలకాలి" అన్నాడు ఒకసారి. కాసేపయ్యాక మళ్ళీ అన్నాడు. అన్నయ్య తల ఊపి మళ్ళీ ఆ గరగర గొంతుతోనే చెప్పాడు. అంతకంటే అది పైకి లేవదు. వెనక కుర్చీలో కూర్చున్న అమ్మ "వాడికంతే వస్తుందండీ, కానివ్వండి" అంది. మా వీధిలోనే ఉండే ఒకావిడ నా పక్కకి వంగి, "పాపం, మీ బ్రదర్‌కి కోల్డ్ చేసిందా?" అని అడిగింది. అవునన్నాను. మా ఇంట్లో ఆ గొంతు గురించి మాట్లాడుకునే అలవాటు లేదు. నాన్న ఉండగా ఆ ప్రసక్తి వస్తే ఆయన లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఆయన లేరు. ఆ గొంతు అలా అయిపోయిన ఆదివారం గురించి రాస్తే నొచ్చుకునేవాళ్ళెవరూ లేరని అన్నయ్యే అన్నాడు.

నాన్న సర్జన్. పశ్చిమ వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసేవారు. తెనాలిలో నేను నాలుగో తరగతి చదువుతుండగా మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. ఊరంటే ఒకే ఒక పొడుగాటి వీధి, దాని వెంట వాగు, రెండు వైపులా కొండలు. శీతాకాలంలో మధ్యాహ్నం భోజనాలు కాగానే సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోయేవాడు. మనవాళ్ళంటూ ఇంకెవరూ లేరు. పప్పులూ చింతపండూ కావాలంటే పిట్స్‌బర్గ్ వెళ్ళాల్సిందే. అమ్మ బాత్‌రూం కిటికీలో కరివేపాకు మొక్క పెంచేది, ఇంట్లో ఎండ కాస్త ఎక్కువసేపు పడేది అక్కడేనని. నాన్న ఆదివారాలు లుంగీ కట్టుకున్నా చొక్కా జేబులో పేజర్ ఉండాల్సిందే. కూరగాయలు ఆ ఒక్కరోజు ఆయనే తరిగేవారు. బెండకాయ ముక్కలన్నీ ఒకే కొలతలో వచ్చేవి, అమ్మ నవ్వేది. అన్నానికి కూర్చునే ముందు మోచేతుల దాకా కడుక్కునేవారు. అందుకని నాకు చారన్నం వాసన అంటే ఇప్పటికీ పోపు వాసన ఒక్కటే కాదు, ఆసుపత్రి సబ్బు వాసన కూడా.

మా పెరడు అయిపోయిన చోట అడవి మొదలయ్యేది. ఒకప్పుడు దుంగలు లాగిన పాతబాటలు, బొగ్గుగనుల కాలం నాటి బండిదారులు ఆ కొండ నిండా ఉండేవి, సగం పూడుకుపోయి. అన్నయ్య కిరణ్, వాడి స్కూలు స్నేహితులు నలుగురైదుగురు ఎండాకాలం సెలవుల్లో వాటిని బాగుచేశారు. పొదలు నరికి, పడిపోయిన చెట్లు పక్కకి దొర్లించి, ఒక దారిని ఇంకో దారితో కలిపి, శిఖరం నుంచి వాగు దాకా సైకిల్ దిగడానికి వీలుగా సన్నటి బాట చేశారు. నేను వాడికన్నా మూడేళ్ళు చిన్న. "నన్నూ తీసుకెళ్ళరా" అని ఏడిస్తే ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: ఎప్పుడూ వాడి వెనకే రావాలి. వాడు ముందు దిగుతూ "వేరు!", "రాయి!", "కొమ్మ!" అని అరిచేవాడు. ఆ అరుపు విని నేను బ్రేకు పట్టేదాన్ని. తెలుగు ముక్క రాని వాడి స్నేహితులు కూడా "రాయి!" అని అరవడం నేర్చుకున్నారు. వాడి గొంతు పెద్దది. స్కూలు ఫుట్‌బాల్ ఆటలప్పుడు మైకు లేకుండా స్కోరు చెప్పేవాడు.

బాట కింది భాగం మిస్టర్ ట్రెంట్ అడవి ముక్కలోంచి, పొలం అంచునుంచి పోయేది. ఆయన గనుల్లో చేసి రిటైరైన మనిషి, ఒంటరి. నాన్న ఆయనకి హెర్నియా ఆపరేషన్ చేశారు. మేం సైకిళ్ళ మీద పోతుంటే వరండాలోంచి చెయ్యి ఊపేవాడు. ఆ యేడు ఎవరో పైఊరి కుర్రాళ్ళు నాలుగు చక్రాల మోటారు బళ్ళేసుకుని కొండ మీదనుంచి దిగి వచ్చి ఆయన గడ్డిపొలాన్ని తొక్కి, వాగు గట్టు కూలగొట్టి పోతుండేవారు. ఆయన దానిమీద షెరీఫ్ ఆఫీసుకి రెండుమూడు సార్లు ఫిర్యాదు చేశాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదని కూడా తెలుసు.

ఆకులు దాదాపు రాలిపోయిన రోజులు. ఆదివారం ఉదయం, మిగతా కుర్రాళ్ళంతా చర్చికి పోయారు. నాన్న ఆసుపత్రికి రౌండ్స్‌కి వెళ్ళారు. అమ్మ పెసరట్ల పిండి రుబ్బి పెట్టుకుని, "వాన వచ్చేలా ఉంది, పైదాకా పోకండి, ఒక్కసారి దిగి వచ్చెయ్యండి" అంది. మేం పైదాకా పోయాం. శిఖరం మీద గాలి తడిగా ఉంది, మబ్బు చెట్ల మీదికి దిగింది. అన్నయ్య హెల్మెట్ పట్టీ బిగించుకుని, "రెడీనా చిన్నీ?" అని కదిలాడు. ఆ గొంతు నేను విన్న ఆఖరిసారి అదే, తర్వాత దారి పొడుగునా అరిచిన వేర్లూ రాళ్ళూ తప్ప.

దట్టమైన పొదలు దాటి బాట మలుపు తిరిగే చోట రెండు ఓక్ చెట్లుండేవి, వాటి మధ్యనుంచే దారి. నేను కొంచెం వెనకపడ్డాను. మలుపు తిరిగేసరికి అన్నయ్య సైకిల్ ఒక్కటే ముందుకి పోతోంది. వాడు దాని మీద లేడు. ఒక క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత కనిపించింది: రెండు చెట్లకి కట్టిన ఇనప తీగ, ఇంకా అదురుతోంది. దాని కింద, ఇవతల వైపున, అన్నయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. నేను బ్రేకులు పట్టి పక్కకి పడిపోయాను. లేచి వాడి దగ్గరికి పరిగెత్తేసరికి వాడే లేచి కూర్చున్నాడు. ఒక చెయ్యి కోసుకుపోయి రక్తం కారుతోంది. ఆఖరి క్షణంలో తీగ చూసి చెయ్యి అడ్డం పెట్టాడన్నమాట. రెండో చెయ్యి మెడ మీద ఉంది. "ఏమైందిరా?" అన్నాను. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. పడుకోబెట్టబోతే కళ్ళు పెద్దవి చేసి నా చెయ్యి విదిలించుకున్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చున్నాడు. మెడ నా కళ్ళముందే ఉబ్బుతోంది. కిందికి చెయ్యి చూపించాడు, పో అన్నట్టు.

నేను తీగ కిందనుంచి సైకిల్ తోసి ఎక్కాను. ముందు అరిచేవాళ్ళు లేకుండా ఆ బాట దిగడం నాకదే మొదలు. ప్రతి రెండు చెట్ల మధ్యా ఇంకో తీగ ఉంటుందేమోనని తల హ్యాండిల్‌కి ఆనించి దిగాను. దేన్ని గుద్దుకున్నానో, ఎక్కడ పడ్డానో గుర్తులేదు. తర్వాత చూసుకుంటే రెండు మోకాళ్ళూ చీరుకుపోయి ఉన్నాయి. వాడి ఊపిరి చప్పుడు మాత్రం వెనకనుంచి వినిపిస్తూనే ఉందనిపించింది, అంత దూరం నుంచి వినపడే వీల్లేకపోయినా.

మొదట కనిపించిన ఇల్లు మిస్టర్ ట్రెంట్‌దే. వరండాలో కాఫీ తాగుతున్నాడు. "మా అన్నయ్య... పైన... ఊపిరాడట్లేదు" అన్నాను. అంతే అన్నాను, ఇంకోమాట అనలేదు. ఆయన కప్పు కింద పెట్టిన తీరు నాకిప్పటికీ కనిపిస్తుంది. పెట్టాక దాని మీదనుంచి చెయ్యి వెంటనే తియ్యలేదు. తర్వాత లేచి, తలుపు పక్క మేకుకి వేలాడుతున్న తీగలు కత్తిరించే పట్టకారు తీసి జేబులో వేసుకున్నాడు. "ట్రక్కెక్కు" అన్నాడు.

పొలం దాటాక పాత బండిదారి రెండుగా చీలుతుంది. కుడివైపు అని చెబుదామని నేను నోరు తెరిచేలోపే ఆయన కుడికి తిప్పాడు. ఇంకొంచెం పైన మళ్ళీ చీలిక. అక్కడా అడగలేదు. ట్రక్కు రాళ్ళమీద ఎగిరెగిరి పడుతుంటే నేను డాష్‌బోర్డు పట్టుకుని ఆయన వైపు చూశాను. ఆయన దారివైపే చూస్తున్నాడు. నేను దారి చెప్పనే లేదు. ఈ మనిషిని ఇప్పుడు ఏమీ అనకూడదు, ట్రక్కు ఈయనది, అన్నయ్య ఆసుపత్రికి చేరాలి, నోరు మూసుకో, నోరు మూసుకో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఓక్ చెట్ల దగ్గర ఆయన దిగి ముందు తీగ కత్తిరించాడు. చుట్టచుట్టి ట్రక్కు వెనక పడేశాడు. ఆ తర్వాతే అన్నయ్య దగ్గరికి పోయాడు. వాణ్ణి చూడగానే "ఓ లార్డ్" అని, ఆ వయసులో అంత పొడుగు పిల్లాణ్ణి చేతుల్లో ఎత్తుకుని తెచ్చాడు. ఇద్దరి మధ్యా వాణ్ణి కూర్చోబెట్టాం. అన్నయ్య పెదాలు నీలంగా మారుతున్నాయి. వాడి నుదురు నా అరచేతిలో ఆనించుకున్నాను. ప్రతి ఊపిరికీ ఆ ఈల. ఈల ఆగితే ఏమిటని భయం, వింటే భయం. కిందికి దిగేసరికి వాన మొదలైంది.

ఆసుపత్రిలో డోనా అనే నర్సు మమ్మల్ని చూసి చక్రాల కుర్చీతో పరిగెత్తుకొచ్చింది. నాన్నని పేజ్ చేశారు. ఆయన కారిడార్ చివరనుంచి మామూలుగా నడిచి వస్తూ, కుర్చీలో ఉన్నది ఎవరో గుర్తుపట్టి, ఒక్క అడుగు ఆగారు. ఒక్క అడుగే. తర్వాత వచ్చి అన్నయ్య మెడ మీద వేళ్ళు పెట్టి చూశారు. నావైపు తిరిగి తెలుగులో, చాలా నెమ్మదిగా అడిగారు. "ఏం తగిలింది?"

"తీగ నాన్నా. చెట్లకి కట్టారు."

"ఎంతసేపయింది?"

"తెలీదు."

"సరే. నువ్విక్కడే కూర్చో. అమ్మకి ఇప్పుడే ఫోన్ చెయ్యకు" అన్నారు. తలుపు మూసుకుంది.

హెలికాప్టర్‌ని అడిగారు, మబ్బులో రాలేమన్నారు. ఇంకో సర్జన్ కావాలంటే కొండ దాటి పక్క ఊరినుంచి రావాలి. అంతసేపు అన్నయ్యకి లేదు. ఇవన్నీ నాకు తలుపు సందులోంచి ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. మిస్టర్ ట్రెంట్ నాకు ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. టోపీ చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు. టోపీలోంచి నీళ్ళు కారుతున్నాయి. వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. 

లోపల ఏం జరిగిందో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. పెద్దకర్మకి డోనా వచ్చింది. ముసలావిడైపోయింది, మనవడు డ్రైవ్ చేసి తీసుకొచ్చాడు. భోజనాలప్పుడు నా పక్కన కూర్చుని పులిహోర కొంచెం కొంచెంగా తింటూ చెప్పింది. పూర్తి మత్తు ఇస్తే ఆ ఊపిరి కూడా ఆగిపోతుంది. అందుకని మెడ దగ్గర మాత్రం తిమ్మిరెక్కించి, వాడు మెలకువగా ఉండగానే గొంతు కింద కోసి గొట్టం పెట్టాలి. నాన్న కత్తి తీసుకుని, మళ్ళీ కింద పెట్టారట. "డోనా, వీడి ముఖం కప్పు. కళ్ళు కనపడకుండా కప్పు" అన్నారట. ఆమె గుడ్డ కప్పి, దాని కిందనుంచి అన్నయ్య చెయ్యి పట్టుకుందట.

"మీ డాడీ చెయ్యి అస్సలు వణకలేదు హనీ" అంది డోనా. "కానీ పని చేస్తున్నంతసేపూ వాళ్ళ నాన్నని పిలుస్తూనే ఉన్నాడు. 'నాన్నా, అయిపోయింది నాన్నా' అంటూ. నాన్న అంటే ఫాదర్ అని తర్వాత మీ అమ్మే చెప్పింది నాకు. అంత పెద్ద డాక్టరు, పాపం, చిన్నపిల్లాడిలా."

"డోనా, ఆయన పిలిచింది వాళ్ళ నాన్నని కాదు. మా భాషలో కొడుకుని కూడా ముద్దుగా అలాగే పిలుస్తారు" అన్నాను. ఆమె చెంచా పళ్ళెంలో పెట్టేసింది. 

ఆ రోజు తలుపు తెరుచుకుని నాన్న బయటికి వచ్చినప్పుడు ఆయన చొక్కా ముందుభాగమంతా రక్తం. "ఊపిరి తీసుకుంటున్నాడు. వాన తగ్గగానే పిట్స్‌బర్గ్ పంపిస్తున్నాం" అని నాకు చెప్పి, మిస్టర్ ట్రెంట్‌ని చూశారు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరు ఇంకొంచెం ఆలస్యంగా తెచ్చి ఉంటే నా కొడుకు ఉండేవాడు కాదు. ఎలా థాంక్స్ చెప్పాలో నాకు తెలీట్లేదు" అన్నారు ఇంగ్లీషులో.   మిస్టర్ ట్రెంట్ నేలకేసి చూస్తున్నాడు.  నాన్న ఇంకా ఆ చేతులు వదల్లేదు. నేను కుర్చీలోంచి లేచాను. 

"నాన్నా" అన్నాను తెలుగులో, "ఆ తీగ కట్టింది ఈయనే."

నాన్న నావైపు తిరిగారు. "ఏంటి?"

"నేను తీగ సంగతి చెప్పలేదు. ఎక్కడ పడ్డాడో చెప్పలేదు. ఆయనే కట్టర్ తీసుకున్నాడు, నేరుగా అక్కడికే తీసుకెళ్ళాడు."

మిస్టర్ ట్రెంట్‌కి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ ఆయన తల ఎత్తి నాన్న ముఖం చూశాడు, చూసి అంతా గ్రహించాడు. నాన్న చేతులు మెల్లగా వదిలారు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఆ మోటారు బళ్ళ కోసం కట్టాను డాక్" అన్నాడు మిస్టర్ ట్రెంట్. "వాళ్ళ కోసమే. నీ పిల్లల్ని నేనెప్పుడూ... దేవుడి మీద ఒట్టు, పిల్లల కోసం కాదు."

"ఆ బళ్ళమీద వచ్చేది ఎవరు?" అన్నారు నాన్న. అరవలేదు. "వాళ్ళు ఎవరి పిల్లలూ కారా?"

సమాధానం కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు. మిస్టర్ ట్రెంట్ కాసేపు అక్కడే నిలబడి, టోపీ పెట్టుకుని వానలోకి నడిచి పోయాడు. సాయంత్రానికి తనే షెరీఫ్ ఆఫీసుకి వెళ్ళి చెప్పేశాడని తర్వాత తెలిసింది.

అయినా మర్నాడు షెరీఫ్ ఆఫీసు నుంచి ఒక డిప్యూటీ నన్ను అడగడానికి మా ఇంటికొచ్చాడు. అమ్మకి గాభరా. "ఊరంతా వాళ్ళ వాళ్ళే. మనం ఒక్కళ్ళం. పిల్లాడు బతికాడు, చాలదూ? చిన్నదాన్నెందుకు ఇందులోకి లాగడం?" అంది నాన్నతో, వంటింట్లో. నాన్న నన్ను పిలిచి, "చూసింది చెప్పు. చూడనిది చెప్పకు" అన్నారు. చెప్పాను. కోర్టులో మిస్టర్ ట్రెంట్ దేన్నీ కాదనలేదు. జైలుకి పంపలేదు కానీ శిక్ష పడింది. ఊరు రెండుగా చీలింది. కొందరు పచ్చళ్ళ సీసాలూ ఇంట్లో కాల్చిన పండ్ల పైలూ తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోయారు. కొందరు, ఆయన పొలం ఆయన ఇష్టం, వాళ్ళ పిల్లలకి అక్కడేం పని అన్నారు. కిరాణా కొట్టులో అమ్మని చూసి పక్కకి తిరిగినవాళ్ళూ ఉన్నారు. అమ్మ ఆ కొట్టుకి వెళ్ళడం మానలేదు. ముందుకన్నా ఎక్కువసార్లు వెళ్ళేది.

అన్నయ్య చాలాకాలం పిట్స్‌బర్గ్‌లో ఉన్నాడు. గొట్టం తీసేశారు. గొంతు వచ్చింది కానీ పాతది రాలేదు. ఇక మిస్టర్ ట్రెంట్ నాన్న దగ్గరికి ఎప్పుడూ వైద్యానికి రాలేదు. ఏ చిన్న నలతకైనా కొండ దాటి పక్క ఊరి ఆసుపత్రికి పోయేవాడు. కొన్నేళ్ళ తర్వాత వీధిలో ఆయన ఒకవైపు వంగి నడుస్తుంటే నాన్న కారులోంచి చూసి చిరాకు పడ్డారు. "ఆ హెర్నియా మళ్ళీ వచ్చినట్టుంది. అంత దూరం పోవడమెందుకు, నా దగ్గరికి రావచ్చుగా" అన్నారు. అమ్మ ఆయన వైపు చూసింది. ఆయన కారు ముందుకి పోనిచ్చారు. క్షమించారో లేదో నాకు తెలీదు. ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు ఆ కొండలు వేరు. గనులు పూర్తిగా మూతపడ్డాక ఆ ఊరు సైకిళ్ళ మీదే బతుకుతోంది. మేం కత్తులతో నరికిన పొదల చోట రంగురంగుల బాణం గుర్తులు, ప్రతి బాటకీ ఒక పేరు, పెద్ద పార్కింగ్ లాట్, పక్కన కాఫీ బండి. వారాంతాల్లో మూడు రాష్ట్రాల కార్లు కనిపిస్తాయి. పొలాల వాళ్ళతో ఒప్పందాలున్నాయి, దారి ఎక్కడిదాకా ఎవరిదో బోర్డు మీద రాసి ఉంటుంది. మా రోజుల్లో ఎవరినీ అడగలేదు, ఎవరూ మాకు చెప్పలేదు. దాన్ని స్వేచ్ఛ అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కొండమీద ఎవరి కోపం ఎక్కడ కాచుకుని ఉందో మాకు తెలియలేదు, అంతే.

పోయిన నెలలో అన్నయ్య కూతురు మీరా వాళ్ళ స్కూల్ టీమ్ రేసు అక్కడే జరిగింది. వాళ్ళు ఒహాయో నుంచి, నేను నోవై నుంచి వెళ్ళాం. "అత్తా, ఇక్కడ ఫుల్ సిగ్నల్ ఉంది, యు నో? డాడీ నన్ను ఫోన్‌లో ట్రాక్ చేస్తాడు, ఎవ్రీ సెకండ్. సో ఎంబరాసింగ్" అంది మీరా. అది స్టార్ట్ దగ్గరికి పోయాక అన్నయ్యా నేనూ పైకి నడిచాం. ఆ రెండు ఓక్ చెట్ల కోసం వెతికాం. వాడు ఇక్కడే అంటాడు, కాదు ఇంకా పైన అంటాను నేను. చెట్లు కొట్టేసి ఉండొచ్చు. బాట పక్కకి జరిగి ఉండొచ్చు. మిస్టర్ ట్రెంట్ ఇల్లు ఉన్న చోట గడ్డి తప్ప ఏమీ లేదు. మా బతుకులు మలుపు తిరిగిన ఆ చోటుని ఇద్దరం కలిసి కూడా కనిపెట్టలేకపోయాం.

అంతలో పైనుంచి చక్రాల హోరు వినిపించింది. మేం బాట వదిలి పక్కకి జరిగాం. ముందు వస్తున్నది మీరాయే. పెడల్స్ మీద లేచి నిలబడి, గెడ్డం పైకెత్తి, నవ్వుతూ దిగుతోంది. కింద రాళ్ళున్నాయి, వేర్లున్నాయి, అన్నయ్య వాటిని చూడలేదు. నేనూ చూడలేదు. మా ఇద్దరి చూపూ దాని మెడ ముందున్న ఖాళీ గాలి మీద ఉంది. అది మమ్మల్ని దాటి, మలుపు తిరిగి, కనపడకుండా పోయేదాకా అన్నయ్య నా మణికట్టు పట్టుకునే ఉన్నాడు.

"బానే దిగుతోంది కదా" అన్నాడు.

"బానే దిగుతోంది" అన్నాను.